కట్టి పడుకోబెట్టిన పాప

శనివారం ఉదయం ఎనిమిదింటికి బాలల సంరక్షణ అధికారిణి, ఒక కానిస్టేబుల్ వచ్చి తలుపు తట్టారు. పాప నిద్రపోతోంది. ఆ ఇంట్లో అది వార్త.

పాపకు ఆరేళ్ళు. ఫ్యాను చప్పుడు, గౌను మెడ దగ్గరి లేబులు, దుప్పటి అంచు కుట్టు, ఏది తగిలినా నిద్ర పట్టదు. పట్టినా నిలవదు. డాక్టరు మణికట్టుకు కట్టే పట్టీ ఒకటి ఇచ్చాడు. నిద్ర చెదరబోతే అది మెల్లగా అదిరి జోకొడుతుంది. సోమవారంలోపు ఒక్కసారైనా పాప తనంతట తాను లేచేదాకా నిద్రపోవాలి, లేకపోతే మందు మొదలుపెట్టాలన్నాడు. ఆ మందు ఇదివరకు వాడారు. వాడినన్నాళ్ళు పగలు పాప కళ్ళు తెరుచుకునే ఉండేది, పిలిస్తే పలికేది కాదు. అందుకని ఆ ఉదయానికి ఇంట్లో వేసుకున్న పథకం ఒకటే: ఎవరూ చప్పుడు చేయకూడదు.

వాళ్ళు వచ్చింది పొరుగింటావిడ ఫిర్యాదు మీద; దానికి మూలం అమ్మమ్మ. ముందురోజు మెట్ల మీద ఆవిడ పాప సంగతి అడిగితే, ఇప్పుడు కట్టి పడుకోబెడుతున్నాం, ఇంట్లో అందరికీ హాయిగా ఉంది అని చెప్పింది. పట్టీ అన్న మాట మింగేసింది. ఇంట్లో అందరూ అలాగే అంటారు.

తండ్రి తలుపు తీసి, నోటి మీద వేలు పెట్టాడు. అధికారిణి అది రాసుకుంది. కాలింగ్ బెల్లు వైరు పీకేసి ఉంది. కిటికీలకు నల్లగుడ్డ కొట్టి ఉంది. కుర్చీల కాళ్ళకు సాక్సులు తొడిగి ఉన్నాయి. తలుపు గాలికి కొట్టుకోకుండా పాప గదికి లోపల గడియ పెట్టుకుని తల్లి కూర్చుంది. కానిస్టేబుల్ పిలిస్తే పలకలేదు.

"పాపని కడుతున్నారా?" అని అధికారిణి అమ్మమ్మను అడిగింది.

"రోజంతా కట్టమమ్మా. పడుకునేటప్పుడే. పొద్దున్నే విప్పేస్తాం."

"ఏడవదా?"

"మొదట్లో గింజుకునేది. ఇప్పుడు అలవాటు పడింది."

తండ్రి గుసగుసగా అడ్డొచ్చాడు. "పట్టీ అండీ. చేతికి పట్టీ."

"దెబ్బెలా తగిలింది?"

"దెబ్బ కాదు. కరెంటుది. రోజూ చార్జింగు..."

అంతవరకు గోడకు ఆనుకుని ఉన్న కానిస్టేబుల్ వెళ్ళి గది తలుపుకు భుజం ఆనించాడు. తోసేలోపు తల్లి గడియ తీసింది.

పాప పక్కకు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి బయట ఒక చెయ్యి. చేతికి మెత్తటి గుడ్డపట్టీ, దాని మీద పచ్చదీపం. అధికారిణి కాసేపు చూసి, చెప్పులు విడిచింది. ఇవతలికి వచ్చి అమ్మమ్మకు క్షమాపణ చెప్పింది. అయితే పాప మెలకువగా ఉండగా చూసి, ఒక్క మాటైనా అడిగితే తప్ప ఫిర్యాదు మూసే వీల్లేదని, లేచేదాకా కూర్చుంటానని అంది. సాక్సుల కుర్చీలో కూర్చుంది. తండ్రి మంచినీళ్ళు ఇచ్చాడు. కానిస్టేబుల్ మునివేళ్ళ మీద నడిచి మెట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

తొమ్మిది కావస్తుండగా ఆమె ఫోను మోగింది. పాప క్షేమమేనా అని ఆఫీసువాళ్ళు అడుగుతున్నారు.

పాప అరుస్తూ లేచింది. చెవులు మూసుకుంది. పట్టీ పీకి గోడకు కొట్టింది. ఏడుపు సర్దుకునేసరికి మధ్యాహ్నమైంది. అధికారిణి వెళ్ళలేదు. ఆమెకు నిబంధన ఉంది. మంచానికి దూరంగా నేల మీద కూర్చుని అడిగింది.

"నిన్నెవరైనా బాధపెట్టారా, తల్లీ?"

"నువ్వే" అంది పాప.

అధికారిణి అదీ రాసుకుంది. పాప క్షేమమని నిర్ధారించి ఫిర్యాదు మూసేసింది. పాప ఆ రోజుగాని, మర్నాడుగాని పట్టీని దగ్గరికి రానివ్వలేదు.

సోమవారం మందు మొదలుపెట్టారు.