ఊళ్ళో ఎవరికీ బావ కాని మనిషి

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఈ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలో మా కుమ్మరికుంట బస్తీ ఉండేది, అరవై గడప. అరవై ఆరో, అరవై ఏడో సంవత్సరం అది. ఏ ఇంటికి ఎంత పన్నో తేల్చే పనిని సర్పంచ్ పాండురంగం తన బామ్మర్దికి ఇచ్చుకున్నాడు. ఆ మహానుభావుడు కొలిచే టేపు పట్టుకున్న పాపాన పోలేదు. గుమ్మంలోంచి తొంగి చూసేవాడు. రేడియో కనబడితే ఒక పన్ను, కుట్టుమిషను కనబడితే ఇంకో పన్ను. చాయ పోసి చేతిలో ఏదైనా పెడితే ఏ పన్నూ లేదు.

మూడేళ్ళు భరించి, చివరికి జనం పంచాయతీ ఆఫీసు మీదికి పోయారు. ఈసారి ఊళ్ళో ఎవరికీ బావ కాని, ఎవరికీ మామ కాని మనిషిని పెట్టాలని పట్టుబట్టారు. వెతగ్గా వెతగ్గా అట్లాంటివాడు ఒక్కడే దొరికాడు. రైల్వేలో రిటైరై, కోస్తా నుంచి వచ్చి నాచారంలో అద్దెకుంటున్న గంగాధరరావు. ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టడు. ఊరంతా సంబరపడింది. ఆయన టేపు పట్టుకుని వస్తున్నాడని తెలిసేదాకా.

రాజేశ్వరమ్మ ఒక్కతే ఆయన కోసం ఎదురుచూసింది. మొగుడు పోయి రెండేళ్ళు. ఉన్నది రెండు గదుల పెంకుటిల్లు. మరిది చలపతిరావు ఆ బామ్మర్దికి చాయ పోసి పంచాయతీ పుస్తకంలో ఆ ఇల్లు తన పేరున రాయించుకున్నాడు. అప్పుడు నాచారంలో ఫ్యాక్టరీలు లేస్తున్నాయి, సామాను పెట్టుకోవడానికి ఎవరి ఇల్లు దొరికినా అడుగుతున్నారు. "దసరా దాటంగనే ఖాళీ చెయ్యి వదినా, ఇల్లు కిరాయికిస్తున్న" అన్నాడు మరిది. గంగాధరరావు రాసే కొత్త పుస్తకంలో తన పేరు ఎక్కితేనే ఆమెకు ఆ కప్పు మిగిలేది.

అందుకని, ఇల్లు తనే చూసుకుంటున్నట్టు కనబడాలని, ఆయన రావలసిన మంగళవారం పొద్దున్నే లేచి ముందుగోడకు సున్నం కొట్టడం మొదలుపెట్టింది. బస్తీలో మిగతావాళ్ళంతా ఇల్లు పాడుబడినట్టు కనబడాలని గోడలకు బురద పూస్తున్నారు. పక్కింటి తారామణి బురద చేతులతోనే వచ్చి నిలబడింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా అక్కా? గిట్ల మెరుస్తే పన్ను ఎంతేస్తడో ఎర్కేనా?"

"ఎంతన్న ఎయ్యనీ. నా పేరు మీద పడాలె. గంతే."

"ఎంతైనా కడ్తవా?"

"కడ్త."

తారామణి ఒక్క నిమిషం ఆలోచించి, ఇంట్లోకి పోయి రేడియోతో తిరిగొచ్చింది. "ఎట్లనో నువ్వు కడ్తనే అంటున్నవ్ గదా. జర మాది గూడ నీ ఇంట్ల పెట్టుకో. ఆయన పోంగనే తీస్కపోత."

పోనీలే ఒక్క రేడియో అనుకుంది రాజేశ్వరమ్మ. కానీ తారామణి ఆ మాట ఒక్కరికి చెప్పింది, ఆ ఒక్కరూ నలుగురికి చెప్పారు. రాజేశ్వరమ్మ బస్తీ అందరి పన్నూ తానే కడుతుందని కుంట అవతల దాకా పాకింది. ఆమె ముందుగోడ దగ్గర సున్నం కొడుతుంటే జనం వెనక తలుపు నుంచి లోపలికి మోశారు. బకెట్టులో నీళ్ళ కోసం లోపలికి పోయి చూసేసరికి తొమ్మిది రేడియోలు, ఐదు సైకిళ్ళు, రెండు కుట్టుమిషన్లు, ఒక ఇనుప బీరువా. బీరువా మీద సర్పంచ్ గారి టేబుల్ ఫ్యాను.

"నా ఇల్లేమన్న మీ అత్తగారిల్లా?" అని ఆమె వీధిలోకి వచ్చి అరిచింది. "తియ్యుండ్రి మీ సామాన్లు. నేను నా ఇంటికి కడ్తనన్న, మీ సోకులకు గాదు."

"జర సేపే గదా అక్కా," అన్నారు అందరూ. ఎవరూ కదల్లేదు. అంతలో గంగాధరరావు టేపూ పుస్తకమూ పట్టుకుని వచ్చేశాడు. ఆయన వెనకే సర్పంచ్. జనం ఎక్కడివాళ్ళక్కడ ఏమీ ఎరగనట్టు నిలబడ్డారు.

గంగాధరరావు గుమ్మంలో ఆగిపోయాడు. కాలు పెట్టే చోటు లేదు.

"అమ్మా, ఇది ఇల్లా, దుకాణమా?"

"ఇల్లే సారూ."

"ఇంట్లో తొమ్మిది రేడియోలు ఎందుకండీ?"

రాజేశ్వరమ్మకు కోపం ముంచుకొచ్చింది. పేరుపేరునా అందరి బండారమూ బయటపెడదామని నోరు తెరిచింది. అప్పుడే చలపతిరావు సైకిలు దిగి, పాత పన్ను రసీదు ఊపుకుంటూ ముందుకొచ్చాడు.

"ఆమెనేం అడుగుతరు సారూ? ఇల్లు నాది. పుస్తకంల నా పేరే ఉంది, సూడుండ్రి."

"మంచిదండీ," అని గంగాధరరావు పెన్ను తీశాడు. "అయితే మీ పేరునే రాస్తాను. అనుమతి లేని రేడియోల దుకాణం. పన్ను ఇంటికి వేసేదానికి మూడింతలు. పాత పుస్తకం నాటి నుంచీ బకాయి. జరిమానా వేరే."

చలపతిరావు అప్పుడు లోపలికి చూశాడు. "ఇవి నావి గావు సారూ. ఏం తారామణీ, గా రేడియో నీది గాదా?"

"మాకు రేడియో ఎక్కడిదన్నా? తిననీకే లేదు," అంది తారామణి.

"సర్పంచ్ సాబ్, గా ఫ్యాను..."

సర్పంచ్ ఆకాశం వైపు చూస్తూ, వాన పడేటట్టుంది అన్నాడు.

రాజేశ్వరమ్మ తెరిచిన నోరు మూసుకుంది. పెళ్ళై ఆ బస్తీకి వచ్చిన నాటి నుంచి ఆ నోరు అంతసేపు మూతపడి ఉండటం ఎవరూ చూడలేదు.

"జరిమానా ఎంతయితది సారూ?" అన్నాడు చలపతిరావు.

గంగాధరరావు చెప్పాడు.

"ఇల్లు నాది గాదు. మా వదినది. మా అన్న కట్టిచ్చిండు."

"నోటిమాట చాలదండీ. రాసి సంతకం పెట్టండి."

చలపతిరావు గోడకు కాగితం ఆనించి రాశాడు. తడి సున్నం మోచేతికి అంటింది. సాక్షిగా సర్పంచ్ సంతకం పెట్టాడు, తన ఫ్యాను వైపు చూడకుండా.

"ఇప్పుడు చెప్పండమ్మా. ఈ దుకాణం మీదేనా?"

"ఇల్లు నాది సారూ, సామాను నాది గాదు. గీళ్ళెవ్వరూ మాది అంటలేరు గదా. బండి తెప్పిచ్చి పంచాయతీకి జమ చేస్కోండ్రి."

అప్పుడు చూడాలి. తిననీకే లేని తారామణి అందరికంటే ముందు ఉరికింది. "గది మాది." "సైకిల్ నాది." "మిషిను మా అత్తది." గంగాధరరావు అందరినీ వరసలో నిలబెట్టి, ఎవరి వస్తువు ఎవరిదో రాసుకుని మరీ ఇచ్చాడు. చివరికి సర్పంచ్ కూడా వరసలోనే నిలబడ్డాడు. గంగాధరరావు రాజేశ్వరమ్మ ఇంటికి ఏడాదికి నాలుగు రూపాయల పన్ను వేసి, కొత్త పుస్తకంలో ఆమె పేరు ఎక్కించాడు.

"ఇవన్నీ ఇక్కడ ఎందుకు దాచారండీ?" అని అడిగాడు పోతూ పోతూ. "పన్ను గోడలకూ కప్పుకూ గానీ రేడియోలకు కాదే."

బామ్మర్ది మూడేళ్ళలో నేర్పిన చదువు అది.

రాజేశ్వరమ్మ ఆ ఇంట్లోనే బతికి ఆ ఇంట్లోనే పోయింది. గంగాధరరావు మాత్రం ఐదు నెలలే ఉన్నాడు. బురద పూసిన గోడలను కూడా టేపు పెట్టి కొలిచాడు కదా. మనుషుల్లో కలవడు, ఎవరింట్లోనూ చాయ తాగడు, గర్వం ఎక్కువ అని బస్తీ అంతా అర్జీ పెట్టి ఆయన్ను తీయించింది. మళ్ళీ బామ్మర్దే వచ్చాడు. గంగాధరరావును అడిగి తెచ్చుకున్నదీ మేమే, సాగనంపిందీ మేమే.

ఇది గుర్తు పెట్టుకుని మీ పిల్లలకు చెప్పండి. నిజాయితీ మనిషి కావాలని ఎవరైనా గొంతు చించుకుంటుంటే వాళ్ళకూ చెప్పండి. ఆ ఏడు మా ఇంటి పన్ను ఐదు రూపాయల నుంచి పదకొండు అయిందనీ, ఆ అర్జీ మీద మూడో వేలిముద్ర నాదేననీ కూడా చెప్పండి.