ఆరు గంటల గీత

ఆ సోమవారం ఉదయం రుజువుల సారు పెట్టుకున్న పని ఒక్కటే: తన ఇంటి ఫ్రిజ్ నిర్దోషి అని భార్య ముందు నిరూపించడం.

ఆయన పిల్లల టీకాలు నిల్వ చేసే గిడ్డంగిలో నాణ్యతాధికారి. టీకాలుండే చల్లగదిలో అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి ఉష్ణోగ్రతను పగలూ రాత్రీ నమోదు చేస్తుంది. రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిదికి మించకూడదు. కాగితం మీద లేనిది జరగనట్టే అన్నది ఆయన మాట. ఆ మాట వల్లే ఆయనకు ఆ పేరు వచ్చింది. పాలు విరిగిపోతున్నాయి, ఫ్రిజ్ మార్చాలి అని భార్య నెల రోజులుగా అంటుంటే, వాదించకుండా గిడ్డంగిలో ఊరికే పడి ఉన్న రెండో యంత్రాన్ని తెచ్చి వారం పాటు పాలగిన్నె వెనక పెట్టాడు.

ఇప్పుడు రెండు యంత్రాల గీతలూ అచ్చు తీశాడు. ఏ కాగితం దేనిదో పైన చేత్తో రాయాలి. కలం తీసేసరికి భార్య ఫోన్ చేసి, ఫ్రిజ్ సంగతి ఏం తేలిందని అడిగింది. సాయంత్రం కాగితంతో సహా చెబుతానని గంభీరంగా ఫోన్ పెట్టేసి, శీర్షికలు రాశాడు. ఆ తరవాతే గీతలు చూశాడు. ఇంటి ఫ్రిజ్ గీత తాడు కట్టినట్టు నాలుగు డిగ్రీల మీద నిలబడింది. చల్లగది గీత మాత్రం రోజూ ఉదయం ఆరింటికి నిచ్చెన వేసినట్టు లేచి, పదిహేను డిగ్రీలు తాకి, అరగంటకు గాని దిగడం లేదు.

శుక్రవారమే టీకాల శిబిరం. నాలుగు వేల మంది పిల్లలు. నిబంధన ప్రకారం పెట్టెలన్నిటికీ తన చేత్తోనే ‘వాడరాదు’ అన్న ఎర్ర కాగితాలు అంటించి, ప్రధాన కార్యాలయానికి రాశాడు. ఆ వేళకు గిడ్డంగిలో ఉండేది కాపలాదారు ఒక్కడే కాబట్టి, ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమని అతనికి నోటీసు ఇచ్చాడు. పద్దెనిమిదేళ్లుగా అక్కడే పనిచేస్తున్న కాపలాదారు దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతను చల్లగదిలో కునుకు తీస్తున్నాడని మధ్యాహ్నానికి ఒక మాట పుట్టింది. సాయంత్రానికి ఆ మాటలోకి మంచమూ దుప్పటీ కూడా వచ్చి చేరాయి.

శిబిరం నర్సు మాత్రం దుప్పటి సంగతి పట్టించుకోలేదు. “ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాను సార్. ఇప్పుడు ఆ తల్లులకి ఏ మొహం చూపించను?” అంది.

సాయంత్రం ఇంటికెళ్లి, వరండాలో కూర్చున్న మామగారిని పలకరించి, ఇంటి కాగితాన్ని భార్య చేతిలో పెట్టాడు. ఆమె చాలాసేపు చూసి, ఏమీ అనకుండా ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించి, విరిగిన పాలు పారబోసింది. ఆ మౌనాన్ని ఆయన తన గెలుపు ఖాతాలో వేసుకున్నాడు.

బుధవారం పొద్దున్నే విచారణాధికారులు ఇద్దరు వచ్చి, చల్లగది ముందు కుర్చీలు వేసుకుని గడియారం చూస్తూ కూర్చున్నారు. ఆరైంది, ఆరున్నరైంది. చీమైనా రాలేదు. గీత చెక్కుచెదరలేదు. తాము వస్తున్నట్టు దొంగకు ముందే తెలిసిపోయిందని ఇద్దరూ ఏకగ్రీవంగా తేల్చారు. కాపలాదారును పిలిచారు.

అతను జేబులోంచి నోటీసు తీశాడు. “ఒక్క మాట సార్. ఆదివారం కూడా ఆరింటికి గీత లేచిందా?”

“లేచింది,” అన్నాడు రుజువుల సారు.

“ఆదివారం నాకు సెలవు. ఆ రోజు గదికి సీలు వేసేది మీరు. తాళంచెవి ఉండేది మీ ఇంట్లో.”

విచారణాధికారులు కుర్చీలు కొంచెం రుజువుల సారు వైపు తిప్పుకున్నారు.

మొదటిసారి తన శీర్షికల మీదే అనుమానం వచ్చి, ఆయన వాళ్ల ముందే ఇంటికి ఫోన్ చేశాడు. “మనింట్లో పొద్దున్న ఆరింటికి ఫ్రిజ్ ఎవరైనా తీస్తారా?”

“మా నాన్న తీస్తారు,” అంది భార్య.

“అరగంట సేపా?”

“అమ్మ ఉన్నన్నాళ్లూ ఆరయ్యేసరికి కాఫీ చేతికి అందించేది. ఇప్పుడు పాల కోసమని తలుపు తీస్తారు, తీసి అలా నిలబడిపోతారు. మీరు లేచేది ఏడింటికి, మీకేం తెలుస్తుంది? ఫ్రిజ్ పాడైందనడం తేలికండీ. నాన్నని ఏమనను?”

శీర్షిక తారుమారైన చల్లగది అసలు కాగితం ఫ్రిజ్ తలుపు మీంచి ఆఫీసుకు వచ్చింది. ఎర్ర కాగితాలు ఊడాయి, శుక్రవారం శిబిరం జరిగింది. రుజువుల సారు క్షమాపణ కూడా కాగితం మీదే రాసి ఇచ్చాడు. కాపలాదారు దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి అదే జేబులో పెట్టుకున్నాడు.

తప్పు మళ్లీ జరగకుండా తీసుకునే చర్య ఏమిటో చివరి ఫారంలో రాయాలి. రెండు యంత్రాలకూ గుర్తులు అంటిస్తానని రాశాడు. కాసేపు ఆలోచించి, కింద ఇంకో వాక్యం చేర్చాడు: ‘ఉదయం ఆరింటికి మామగారికి కాఫీ చేతికి అందించాలి. బాధ్యుడు: నాణ్యతాధికారి.’ ప్రధాన కార్యాలయం ఆమోదించింది గాని, రోజూ పాటిస్తున్నట్టు సంతకం ఎవరిదో రాయలేదని తప్పు పట్టింది.

ఇప్పుడు ఆ ఫ్రిజ్ పక్కన ఒక రిజిస్టరు వేలాడుతోంది. మామగారు రోజూ సంతకం పెట్టడమే కాకుండా, కాఫీలో చక్కెర తగ్గిన రోజున ఆ సంగతీ నమోదు చేస్తున్నారు.