రెండు నల్ల ఫ్రేములు

కళ్ళద్దాల నంబరు చెప్పే యంత్రాలు అమ్మే ఆ పెద్దమనిషి ఆ పొద్దున వేసుకున్న లెక్క చాలా సులువైనది. పదింటికి కంటి ఆసుపత్రిలో యంత్రం చూపించాలి, ఒంటిగంటకు, ముందురోజు చీకటి పడ్డాక తాను దిగిన పాత మిత్రుడి ఇంట్లోనే భోజనం, నాలుగింటికి రైలు. యంత్రం అమ్ముడైతే ఏ గొడవా లేదు. కాకపోతే మాత్రం, "తిరిగింది చాలు, ఇక గోడౌన్లో కూర్చోండి" అని మేనేజరు ముందే చెప్పి పంపాడు. పాతికేళ్ళుగా, ఒకప్పుడు తాను బతికిన ఊళ్ళనూ స్నేహితులనూ కంపెనీ టిక్కెట్ల మీద చూసి వస్తున్న మనిషికి గోడౌన్ అంటే ప్రాణం పోయినట్టే.

పెళ్ళికాని రోజుల్లో ఆ మిత్రుడూ మనవాడూ ఈ ఊళ్ళోనే ఒకే గదిలో ఉండి, ఒకే కళ్ళద్దాల దుకాణంలో పని నేర్చుకున్నారు. మిత్రుణ్ణి అందరూ డేగ అంటారు. ఇప్పుడు అతనికి సొంత దుకాణం ఉంది. అద్దాన్ని కిటికీ ఊచ ముందు పట్టుకుని అటూ ఇటూ ఆడించి, అందులోంచి ఊచ ఎటు కదులుతోందో చూసి నంబరు చెప్పేస్తాడు. పావు నంబరు కూడా తేడా రాదు. అనుమానం వచ్చిన ప్రతి అద్దాన్నీ ఆసుపత్రివాళ్ళు ఈనాటికీ అతనికే పంపుతారు. అందుకే, తన పెట్టెలో ఏముందో చెప్పడానికి మనవాడికి నోరు రాలేదు. "ఏదో మెషీన్‌లేరా" అని మాట దాటేశాడు.

దుకాణంలో అబ్బిన అలవాటు ఒకటి ఇద్దరికీ పోలేదు. పొద్దున్నే, మళ్ళీ భోజనాల ముందూ కళ్ళజోడు సబ్బుతో కడిగి గుడ్డమీద బోర్లిస్తారు. ఇద్దరివీ ఒకేలాంటి నల్ల ఫ్రేములు. పోయినేడు మనవాడే శాంపిళ్ళ పెట్టెలోంచి ఒకటి తీసి డేగకు పంపాడు, ఇంకొకటి తాను పెట్టుకున్నాడు. డేగ స్నానానికి వెళ్ళిన సమయంలో, బస్సుకు వేళవుతోందన్న కంగారులో, చేతికందిన జత పెట్టుకుని బయలుదేరాడు.

వీధిలోకి రాగానే అంతా మసకమసకగా కనబడింది. మనవాడు ఉన్నచోటే నిలబడిపోయాడు. ఎన్నేళ్ళకు చూస్తున్నాను ఈ వీధిని, మనసు కరిగి కళ్ళు చెమర్చాయి కాబోలు అనుకుని జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు. కళ్ళు పొడిగానే ఉన్నాయి. అయినా మళ్ళీ తుడుచుకున్నాడు. వీధి చివర, ఒకప్పుడు తాముండిన మేడ చిన్నదైపోయి, ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. 'ఇంత చిన్న ఊళ్ళోనా అంత పెద్దగా బతికాం' అనుకుంటే గుండె నిండిపోయింది.

మేడ కింద ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఇంటి ఓనరే అనుకుని మనవాడు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "బాగున్నారా అండీ? పైగదిలో కుళాయి ఇంకా కారుతూనే ఉందా?"

"కుళాయి సంగతి నాకు తెలీదు సార్. నేను ఉత్తరాలు పంచేవాణ్ణి."

ఆ తర్వాత ఆరో నంబరు అనుకుని ఎనిమిదో నంబరు బస్సెక్కి, ఊరి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. మధ్యలో ఫోను మోగింది. తెరమీద పేరు అలుక్కుపోయినట్టుంది. ఇంత పొద్దున్నే ప్రాణం తీసేది మేనేజరే అయ్యుంటాడని కట్ చేశాడు. అలా ఐదుసార్లు కట్ చేశాడు.

ఆసుపత్రి చేరేసరికి పదీ నలభై. గదిలోకి దూసుకెళ్ళి, తెల్లకోటుకు నమస్కారం పెట్టి, ఆలస్యమైందని బతిమాలుకున్నాడు.

"అది కొక్కేనికి తగిలించిన కోటండీ," అంది పెద్ద డాక్టరమ్మ వెనకనుంచి. "నేనిక్కడున్నాను."

మనవాడు తడబడుతూనే యంత్రం విప్పి పెట్టాడు. "ఇది తప్పు చెప్పమన్నా చెప్పదండి. నా కళ్ళజోడే పెడతాను చూడండి. పదేళ్ళుగా నాది ప్లస్ ఒకటి."

"మైనస్ ఒకటిన్నర అంటోందే," అంది డాక్టరమ్మ తెర చూసి.

అద్దాలు తుడిచి పెట్టాడు. మైనస్ ఒకటిన్నర. ప్లగ్గు పీకి, మళ్ళీ గుచ్చి పెట్టాడు. మైనస్ ఒకటిన్నర.

"తప్పు చెప్పడమే కాదు, చెప్పినదాని మీదే కూర్చుందండీ మీ మెషీన్," అంది ఆవిడ. మనవాడికి గోడౌన్ తలుపులు కళ్ళముందు తెరుచుకున్నాయి. పొద్దుట్నుంచీ అతనికి స్పష్టంగా కనబడింది అవొక్కటే.

అప్పుడే డేగ రొప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. ముక్కుమీద ఒక కాడ విరిగిన పాత జోడు ఉంది. "సమయానికి వచ్చారు," అని డాక్టరమ్మ ఆ నల్ల ఫ్రేము అతని చేతిలో పెట్టింది. "దీని నంబరెంతో చెప్పండి."

డేగ కిటికీ దగ్గరికి వెళ్ళి ఊచ ముందు రెండుసార్లు ఆడించి, మెషీన్ తెర వైపు చూశాడు. "మైనస్ ఒకటిన్నర. మెషీన్ కరెక్టండీ."

"మరి నా ప్లస్ ఒకటి ఏమైందిరా?" అన్నాడు మనవాడు నీరసంగా.

"నా జేబులో ఉంది. ఇది నాది. ఐదుసార్లు ఫోన్ చేస్తే కట్ చేస్తావేంట్రా?"

మనవాడు తన జోడు అందుకుని పెట్టుకున్నాడు. డేగను పక్కకు లాగి గొంతు తగ్గించాడు. "ఈ మెషీన్ వస్తే ఇక నీ దగ్గరికి అద్దాలు రావురా. తెలిసే చెప్పావా?"

"నిన్ననే పెట్టెమీద బొమ్మ చూశాన్లే. అది సరిగ్గా చెప్తుంటే కాదనమంటావా? నంబరు నంబరే."

పాతికేళ్ళలో ఎన్నో ఊళ్ళు చూశాడు గానీ ఇలాంటి మనిషిని ఇంకొకణ్ణి చూడలేదని మనవాడికి ఆ క్షణాన తెలిసింది. కళ్ళు మసకబారాయి. జేబురుమాలు తీసి తుడుచుకుంటే, ఈసారి తడి తగిలింది.

"మెషీన్ తీసుకుంటాను," అంది డాక్టరమ్మ. "కానీ అది నంబరు చెప్పింది, అద్దం ఎవరిదో చెప్పింది ఈయన. నెలనెలా ఈయనే దాన్ని పరీక్ష చేయాలి. మూణ్ణెల్లకోసారి మీరే స్వయంగా వచ్చి సర్వీసు చేయాలి. సరేనంటే సంతకం పెడతాను."

సరేననక ఏం చేస్తాడు?

భోజనాల ముందు ఇద్దరూ అలవాటు కొద్దీ కళ్ళజోళ్ళు కడిగి బోర్లించారు. మళ్ళీ పొరపాటు జరగకూడదని మనవాడు డేగ భార్య కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం ముక్క తీసి, గుట్టుచప్పుడు కాకుండా తన ఫ్రేము కాడకు చుట్టాడు. తిని లేచి వచ్చి చూస్తే రెండు కాడలకూ ఎర్రదారమే ఉంది.

"నేనూ గుర్తు కట్టానురా," అన్నాడు డేగ.

డేగ భార్య ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "ఊరందరి చూపూ చక్కబెట్టేది మీరిద్దరేనా అన్నయ్యగారూ?"

యంత్రం ఆసుపత్రిలో ఉండిపోయింది కనుక, డేగ లేచి రెండు జోళ్ళూ తీసుకుని కిటికీ ఊచ దగ్గరికి నడిచాడు.