మా మూగ బ్యాండు ఊరిని ఉద్ధరించిన విధం

మా బ్యాండు గది పోయిన రోజే మా ఊరికి భవిష్యత్తు వచ్చింది. రెండూ ఒకే మంగళవారం జరిగాయి. పొద్దున ఒక వ్యానులో భవిష్యత్తు దిగింది: నారింజరంగు కుర్చీలు, నిలబడి పనిచేసుకునే బల్లలు, పెద్ద కాఫీ మిషను. మధ్యాహ్నం అదే వ్యానులో బ్యాండువాళ్ళ సామాను వెళ్ళిపోయింది. వచ్చిన బండి ఖాళీగా తిరిగి వెళ్ళలేదు. మా కౌన్సిల్ ఇంత పొదుపుగా ఒక పని చేయడం నేను అంతకుముందు చూడలేదు.

మా ఊరు క్రాగ్‌షాలో కొందరు దీన్ని నష్టమంటున్నారు. నేను ఒప్పుకోను. ఈ ఊరి చిన్నబడిలో చాలాకాలంగా కూడికలూ తీసివేతలూ చెబుతున్న మనిషిని. లాభమేదో నష్టమేదో నాకు తెలియదా? ఇంగ్లండులో మా యార్క్‌షైర్ కొండల భవిష్యత్తు ఇక సృజనాత్మక పరిశ్రమలేనని పెద్దలు తేల్చారు. వాన తప్ప మరేదీ వేళకు రాని ఊరికి భవిష్యత్తు తనంతట తాను వస్తానంటే, కాళ్ళు తుడుచుకుని లోపలికి రమ్మనాలి గాని, గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలు వేస్తామా?

మూతపడ్డ ఉన్నిమిల్లు భవనంలోకి, బ్యాండు గదితో సహా, వచ్చిన దాని పేరు 'ది ఫోర్జ్', అంటే కొలిమి. మా ఊళ్ళో ఎన్నడూ కొలిమి లేదు. ఉన్ని నేసి బతికిన ఊరు ఇది. ఆ సంగతి ఫోర్జ్ డైరెక్టరు ఇమొజెన్‌కు మర్యాదగానే చెప్పాను. చక్కని పిల్ల, మంచి ఓపిక.

"తెలుసండీ. కానీ ఇనుము మాట వినగానే అక్కడేదో పని జరుగుతోందనిపిస్తుంది కదా," అంది.

ఎంత నిజం! మాటతోనే పని జరిగిపోతే ఇక ఇనుమెందుకు?

లోపల ఎంతమంది కష్టపడుతున్నారో చూశాను. ఒకాయన ఊళ్ళకు కొత్త పేర్లు ఆలోచిస్తాడు. ఒకామె ఆ పేర్లు ఊళ్ళకు నప్పాయో లేదో చూస్తుంది. ఇంకొకరు తడిసిన మిల్లు వాసన వచ్చే కొవ్వొత్తులు చేస్తారు. మా నాన్న చొక్కాల నుంచి ఆ వాసన వదిలించడానికి మా అమ్మ జీవితాంతం సబ్బు అరగదీసింది. ఆమెకు దూరదృష్టి లేదు. మేడమీద గదిలో ఒక కుర్రవాడు నిశ్శబ్దం గురించి పాడ్‌కాస్ట్ చేస్తాడు. గంటసేపు ఆపకుండా మాట్లాడతాడు.

మెట్ల పక్క గోడమీద మా ప్రాంత ఆర్థికాభివృద్ధిని చూపే గీత గీశారు. అది అంతకంతకూ పైకే పోతుంది, ఎందుకంటే మెట్లు కూడా పైకే పోతాయి. గీత చివర టాయిలెట్ ఉంది.

బ్యాండు సంగతేమిటని అడుగుతారు మీరు. దానికీ న్యాయమే జరిగింది. మిల్లు యజమాని తాతలనాటి నుంచి ఆ గదిలో మంగళ, శుక్రవారాలు ఇత్తడి వాద్యాలు మోగాయి. మిల్లు మూతపడ్డా బ్యాండు మూతపడలేదు. అయితే పాడ్‌కాస్ట్ కుర్రవాడికి నిశ్శబ్దం కావాలి కదా. "మీరు సృజనాత్మక రంగం కిందికి రారండీ, వారసత్వం కిందికి వస్తారు," అని ఇమొజెన్ వివరించింది. వారసత్వానికి గది ఉండదట, బోర్డు ఉంటుందట. బోర్డు పెట్టారు కూడా: 'ఇక్కడ ఒకప్పుడు క్రాగ్‌షా ఇత్తడి బ్యాండు వాయించేది.' దాన్ని బ్యాండువాళ్ళందరూ వానలో నిలబడి చదివారు.

"ఒకప్పుడంటే ఎప్పుడు?" అన్నాడు ట్యూబా అనే అతిపెద్ద బాకా వాయించే విల్ఫ్.

"పోయిన శుక్రవారం," అన్నాడు బ్యాండు మాస్టారు హెడ్లీ.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. అవసరమైనంత మేరకే చెబుతాను.

మా ఆయన ఎడ్విన్ ఆ బ్యాండులో యూఫోనియం వాయించేవారు. ఒళ్ళో బిడ్డను కూర్చోబెట్టుకున్నట్టు పట్టుకునే పెద్ద ఇత్తడి వాద్యం అది. గది పోయాక వచ్చిన వసంతంలో ఆయన పోయారు.

మా బ్యాండుకు ఒక ఆచారం ఉంది. అందులో ఎవరైనా పోతే, వాళ్ళు తమకోసం ఎంచుకున్న పాటను బ్యాండంతా కలిసి సమాధి దగ్గర వాయిస్తుంది. అంతవరకు వాళ్ళ కుర్చీలో ఎవరూ కూర్చోరు. అయితే దానికి ముందు, తలుపులు మూసిన గదిలో, బ్యాండు మాస్టారు ఆ పాటను ఒక్క తప్పూ లేకుండా చివరిదాకా వినాలి. "బతికున్నవాడైతే తప్పు వాయిస్తే తిడతాడు. పోయినవాడు తిట్టలేడు గనక మనమే జాగ్రత్తగా ఉండాలి," అంటాడు హెడ్లీ. మిగతావాళ్ళు చర్చి పాటలు ఎంచుకున్నారు, అందరికీ వచ్చినవే. ఎడ్విన్ తన పాట తానే రాసుకున్నారు. చివరి శీతాకాలమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా రాశారు. సులువైన పాట రాయమని నేను చెప్పాను. వినలేదు.

కాబట్టి బ్యాండుకు సాధన కావాలి, సాధనకు గది కావాలి. అడగని చోటు లేదు. చాపెల్ ప్రార్థనామందిరంలో ఇప్పుడు తాళ్ళు పట్టుకుని గోడలెక్కుతున్నారు. పబ్బు వెనకగదిలో జిన్ సారా కాస్తున్నారు. మా బడి హాలు అడుగుదామంటే, సాయంత్రాలు దాన్ని ఫోర్జ్ వారి 'సృజనాత్మక విశ్రాంతి' తరగతికి ఇచ్చేశారు. అందులో పెద్దవాళ్ళు చాపలమీద పడుకుంటారు. నా తరగతిలో ఎవరైనా అలా పడుకుంటే నేను ఇళ్ళకు కబురు పంపేదాన్ని. అది వాళ్ళ సృజనాత్మకత అని అప్పుడు నాకు తెలియదు.

చివరికి ఒక ఆదివారం బీడు కొండమీదికి వెళ్ళి, గొర్రెల మధ్య నిలబడి వాయించి చూశారు. కాగితాలు కొన్ని పక్క లోయలోకి వెళ్ళిపోయాయి.

"సగం మేం వాయించాం, సగం గాలి వాయించింది. తప్పులెవరివో చెప్పలేను, నోరా," అన్నాడు హెడ్లీ నాతో.

"గాలివే," అన్నాడు విల్ఫ్. "గొర్రెలు మాత్రం తాళం తప్పలేదు."

సరిగ్గా ఆ సమయంలో ఇమొజెన్ ఒక ఆలోచనతో వచ్చింది. చూశారా, కష్టంలో ఉన్నవాణ్ణి సృజనాత్మక పరిశ్రమ వదిలిపెట్టదు! ఆలోచన పేరు 'శ్వాస'. ప్రతి మంగళవారం బ్యాండు తన పాతగదిలో, తన పాత కుర్చీల్లోనే కూర్చుని వాయించాలి. శబ్దం మాత్రం రాకూడదు.

"ఊదకుండా ఊదాలా?" అని అడిగాడు విల్ఫ్.

"ఊదండి. ఊపిరి మాత్రమే. మోగకుండా."

"మా ఆవిడ ఈ సలహా ఇవ్వబట్టి పెళ్ళయినంతకాలం అయింది. పాపం ఆమెకెవరూ గ్రాంటు ఇవ్వలేదు."

ఒప్పుకుంటారని నేననుకోలేదు. హెడ్లీ కాసేపు టోపీ చేత్తో తిప్పి, "గది మనదేనా?" అని అడిగాడు. మంగళవారాలు మీదేనంది. టీ ఇస్తారా అన్నాడు కార్నెట్ అనే చిన్న బాకా వాయించే ఒకాయన. మాంసం కూరిన 'పై' రొట్టెలు, బఠానీలు కూడా ఇస్తామంది. ఒప్పుకున్నారు.

ఇక అభివృద్ధి గురించి చెబుతాను, వినండి.

మొదటి నెలలోనే లీడ్స్ నుంచి, మాంచెస్టర్ నుంచి జనం రావడం మొదలైంది. బ్యాండు వాయించిన రోజుల్లో వినడానికి ఊరివాళ్ళే వచ్చేవాళ్ళు కారు. వాయించడం మానేశాక బస్సుల్లో వస్తున్నారు. ఇన్నేళ్ళూ శబ్దమే అడ్డుపడిందని ఎవరికి తెలుసు? ఒక విమర్శకుడు గోడకానుకుని కళ్ళు తుడుచుకున్నాడు. వినబడనిదంతా తనకు వినబడిందని రాశాడు. నా బడిపిల్లలెప్పుడైనా అలా రాస్తే కింద ఎర్రగీత గీసేదాన్ని. ఎంత అన్యాయం చేశానో!

ఊరంతా అందుకుంది. 'పై' రొట్టెల దుకాణంవాడు లోపల ఏమీ లేని 'పై' చేసి 'శ్వాస పై' అని పేరుపెడితే మధ్యాహ్నానికల్లా అయిపోతోంది. మాంసం ఉన్నవి మిగిలిపోతున్నాయి. మంగలి పెంబర్టన్ కత్తెర ఆడిస్తూ జుట్టు కత్తిరించకుండా పంపుతున్నాడు. బట్టతలవాళ్ళు కూడా వరుసలో నిలబడ్డారు. స్టేషన్ రోడ్డు బస్‌స్టాపుకు బస్సు రావడం ఎప్పుడో మానేసింది. ఇదివరకు దానిమీద కౌన్సిల్‌కు ఫిర్యాదులు వెళ్ళేవి. ఇప్పుడది కూడా సృజనాత్మక కేంద్రాల లెక్కలోకి చేరింది. అక్కడ చలిలో నిలబడే మిసెస్ థ్రెల్‌ఫాల్‌ను సందర్శకులు ఫోటోలు తీసుకుంటున్నారు.

"ఆస్పత్రికి పోవాల్రా నాయనా," అంటుందామె.

"అద్భుతంగా నటిస్తోంది," అనుకుంటారు వాళ్ళు.

నేనూ ప్రతి మంగళవారం వెళ్ళాను. రెండో వారమో మూడో వారమో, వాళ్ళ వేళ్ళు చూశాను. ఎడ్విన్ రాసేటప్పుడు ఎడమచేత్తో టీకప్పు పట్టుకుని కుడిచేతి వేళ్ళతో వాద్యం మీటలు నొక్కినట్టు బల్లమీద కొట్టుకునేవారు. ఒకచోట మూడు వేళ్ళూ కలిపి నొక్కి, కాసేపు ఆగి, నడిమివేలు ఒక్కటీ ఎత్తేవారు. ఇక్కడ కార్నెట్ల వరుసంతా ఒకేసారి అలాగే ఆగింది. అలాగే ఒక్క వేలు ఎత్తింది.

వాళ్ళు ఎడ్విన్ పాట వాయిస్తున్నారు. సందర్శకులు చూస్తుండగా, ఫోర్జ్ పెట్టిన టీ తాగుతూ, గుట్టుచప్పుడు కాకుండా సాధన చేస్తున్నారు.

విరామంలో హెడ్లీ దగ్గరికి వెళ్ళాను. "ఎలా వస్తోంది?" అన్నాను.

ఆయన టీకప్పు కింద పెట్టాడు. "చూడ్డానికి తప్పు లేదు నోరా. కానీ నా చెవిన పడాలిగా. వినకుండా సరేననలేను."

అదీ చిక్కు. గది దొరికింది. శబ్దం దొరకలేదు.

పోయిన నెలలో ఒక మంగళవారం విల్ఫ్ ట్యూబా మోగింది. కావాలని చేశాడో, 'పై' తిన్నాక పట్టు తప్పాడో నేను చెప్పలేను. కింది స్థాయిలో, నిండుగా ఒకే స్వరం. కిటికీ అద్దాలు వణికాయి. మేడమీద పాడ్‌కాస్ట్ కుర్రవాడు తలుపు తెరిచి, ఏమైందని కేకవేశాడు. ఒక పర్యాటకురాలు కుక్కను ఎత్తుకుంది. ఇమొజెన్ పరుగున వచ్చింది.

"విల్ఫ్ గారూ, అది ప్రదర్శనలో లేదండీ."

"పాటలో ఉంది తల్లీ," అన్నాడు విల్ఫ్.

ఆ తరువాతి వారానికి వాద్యాలన్నిటి నోళ్ళలో ఉన్ని కుక్కారు. మా ఊరి ఉన్ని కాదు, బయటినుంచి తెప్పించింది.

నేను ఇమొజెన్‌ను కలిశాను. ఒక్క గంట, ఎవరూ లేనప్పుడు, ఉన్ని తీసేసి వాయించుకోనిమ్మన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి పట్టుకుంది. నిజంగా మంచి పిల్ల.

"మీ బాధ నాకర్థమవుతుందండీ. కానీ ఈ బ్యాండు వాయించగలదని బయటికి తెలిస్తే ఆ నిశ్శబ్దానికి విలువుండదు కదా," అంది. "పైగా, కుర్చీ విషయం కూడా ఉంది."

బ్యాండు మధ్యలో ఒక ఖాళీ కుర్చీ ఉంది. దానిమీద ఒక యూఫోనియం పడుకోబెట్టి ఉంటుంది. ప్రదర్శన మొత్తంలో సందర్శకులకు అన్నిటికంటే నచ్చింది అదేనట. దాని ముందు 'లేకపోవడం' అని చీటీ పెట్టారు. పోస్టుకార్డులు కూడా వేశారు. పాట వాయించేస్తే ఆచారం ప్రకారం ఆ కుర్చీలో మరొకరు వచ్చి కూర్చుంటారని ఎవరో ఆమెతో అన్నారు. అలా జరిగితే ఈ ప్రాంత అభివృద్ధి దెబ్బతింటుందని ఆమె భయం.

నేను అభివృద్ధికి అడ్డుపడే మనిషిని కాను. మా ఆయన బతికుండగా ఊరికి ఇంత ఆదాయం తేలేదు. ఇప్పుడు ఆయన లేకపోవడాన్ని చూడటానికి మిలాన్ నుంచి మనుషులు వస్తున్నారు. 'శ్వాస'ను మరో ఏడాది పొడిగించారు. దానికి కౌన్సిల్‌లో అందరూ చేతులెత్తారు. ఒక పోస్టుకార్డు నాకు ఉచితంగా ఇచ్చారు. ఫోటో బాగా వచ్చింది. యూఫోనియం తుడిచి పెట్టారు.

సమాధిరాయి వేసవిలోనే వచ్చింది, నిలబెట్టారు. బ్యాండులో ప్రతి ఒక్కరికీ పాట కంఠతా వచ్చు. ఎడ్విన్ రాసిన పాటలో ఇంతవరకు ఒక్క స్వరమే వినబడింది. మిగతాది వాయించవలసి ఉంది.