మూడు మొద్దులు

ఆ ఆదివారం పొద్దున అల్లుడుగారు వేసుకున్న పథకం చిన్నదే. గేటు పక్కన నిరుడు నరికిన చెట్ల మొద్దులు మూడున్నాయి. మామగారు కాఫీ తాగేలోపు వాటిని పీకిపారేయాలి. ఆయనకసలే మోకాళ్ళ నొప్పి, తట్టుకుని పడితే ఇంకేమైనా ఉందా!

భార్యనూ కొడుకునూ వెంటబెట్టుకుని వచ్చిన మామగారు ఈ గడప తొక్కడం ఇదే మొదటిసారి. ఆరేళ్ళ కిందట కూతురి ఎంపిక చూసి, "ఈ మొద్దు తప్ప నీకెవరూ దొరకలేదా?" అని అలిగి కూర్చున్న మనిషి. "ఏవండీ, నోరు జాగ్రత్త. ఈసారి అలిగారంటే నాన్న మళ్ళీ రారు" అని భార్య రాత్రే కళ్ళనీళ్ళ పర్యంతమై చెప్పింది.

అల్లుడు వరండాలో నిలబడి నర్సరీ ఆయనకు ఫోన్ చేశాడు.

"మొత్తం మూడు మొద్దులండీ. ముసలి మొద్దు ఒకటి, పక్కనే లావు మొద్దు, ఒక పిల్ల మొద్దు... ఊరికే పోయేలా లేవు, పాతుకుపోయాయి... నీళ్ళు పోసి నానబెట్టాలా? సరే. ముందు ముసలిదాన్ని పలుగుతో కదిలిస్తా. సాయంత్రానికల్లా మూడూ గేటు బయటుంటాయి!"

కిటికీ అవతల ఇదంతా విన్న మామగారు పేపరు మడిచి పక్కన పడేశారు.

"ఏమే, సంచులు సర్దు. మనం ముగ్గురం మొద్దులమట. గెంటేస్తాడట."

అత్తగారు చెంగు నోట్లో కుక్కుకుంది. "మొద్దన్నా ఊరుకుందును. లావంటాడా నన్ను!"

అంతలో అల్లుడు ఒక చేత్తో పలుగు, ఒక చేత్తో బకెట్టు నీళ్ళు పట్టుకుని హుషారుగా హాల్లోంచి వెళ్ళాడు. "నానబెట్టడానికి వస్తున్నాడు నాన్నోయ్!" అని బావమరిది ఒక్క గెంతులో బాత్రూమ్‌లో దూరి గడియ పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ వాడు, పాపం.

"నాన్నా, ఏమైంది? ఆగండి!" అని కూతురు వెంటపడినా వినకుండా మామగారు సంచి పట్టుకుని గేటుకేసి విసవిసా నడిచారు. కోపంలో కింద చూసుకోలేదు. కాలికేదో తగిలింది. సంచి అటు, ఆయన ఇటు.

అల్లుడు పలుగు పారేసి పరుగెత్తాడు. "అయ్యో మావయ్యగారూ! ఈ ముసలి మొద్దుకు తట్టుకుని పడతారనే కదా, పొద్దున్నే పీకేద్దామనుకున్నా!"

మామగారు కూర్చున్నచోటే మొద్దును చూశారు. పక్కన లావుది, దాని పక్కన పిల్లది. వేలుతో లెక్కపెట్టుకున్నారు. ఆయన ముఖం చిన్నబోయింది.

"అల్లుడూ, అప్పట్లో నిన్ను నేనొక మాట అన్నాను."

"ఇప్పుడెందుకు లెండి."

"తప్పన్నాను. ఆ పలుగు ఇటు తే."

ఇద్దరూ చుట్టూ తవ్వారు, నీళ్ళు పోశారు, అటూ ఇటూ ఊపారు. పిల్లదీ లావుదీ తేలిగ్గానే వచ్చాయి. లావు మొద్దును అత్తగారు దగ్గరికొచ్చి చుట్టూ తిరిగి చూసి, తను దీనికంటే నయమేనని తేల్చుకుని లోపలికి వెళ్ళింది. ముసలి మొద్దు మాత్రం మొండికేసింది. చివరికి ఇద్దరూ కలిసి లాగితే ఒక్కసారిగా ఊడింది. మామా అల్లుళ్ళు బురదలో వెల్లకిలా పడ్డారు.

కూతురు మెట్ల మీద నిలబడి, నవ్వూ ఏడుపూ కలిసిన గొంతుతో అడిగింది. "మొద్దులన్నీ బయటికొచ్చాయా నాన్నా?"

మామగారు మీసాల బురద తుడుచుకున్నారు.

"రెండు ఇక్కడున్నాం. మూడోది బాత్రూమ్‌లో గడియ పెట్టుకుంది."