కండకు విశ్రాంతి కావాలి

ప్రతి ఇంటికీ ఒక జత లావుపాటి చేతులు ఉండి తీరాలి. నవ్వకండి. మా పై అంతస్తులోని కండలరాయుణ్ణి చూశాకే ఈ మాట అంటున్నాను.

ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. ఏడాది కిందట ఎవరి పెళ్లి ఫొటోలోనో తన పుల్లల్లాంటి చేతులు చూసుకుని బెంగపడి, జిమ్‌లో చేరాడు. ఇప్పుడా చేతులు గుమ్మంలో పట్టాలంటే కాస్త పక్కకి తిరగాలి. పాత చొక్కాలన్నీ తుడుపుగుడ్డలయ్యాయి. ఆ ఇల్లు అంత శుభ్రంగా ఎన్నడైనా ఉందా? గుడ్ల తెల్లసొన ఆయన లాగిస్తాడు, పచ్చసొన ఇంటిల్లిపాదీ మూడు పూటలా తింటారు. అద్దం ఎప్పుడూ ఆయనదే కాబట్టి, మిగతావాళ్లకి తల దువ్వుకునే శ్రమ కూడా తప్పింది.

అయితే కండకో ధర్మం ఉంది. అది బరువు లేపినప్పుడు పెరగదట, విశ్రాంతి తీసుకున్నప్పుడు పెరుగుతుందట! ట్రైనర్ చెప్పాడు. అందుకే జిమ్‌లో ఇనుము లేపే చేతులు ఇంట్లో మంచినీళ్ల గ్లాసు లేపవు. గ్యాస్ సిలిండరూ, నీళ్ల డబ్బాలూ, నిద్రపోయిన పిల్లా, అన్నీ భార్య మోస్తుంది. ఆమెకి కండలు పెంచే ఉద్దేశం లేదు కాబట్టి విశ్రాంతితో పనేముంది?

ఇక ఆయన తల్లి. మోకాళ్లు మొరాయించి, నెలల తరబడి కిందికి దిగలేదు. లిఫ్టు లేదు. పక్క వీధిలో ఉన్న ఆవిడ అక్కగారికేమో ఆయాసం, మెట్లెక్కలేదు. పెద్దదైపోయింది, మళ్లీ చూస్తానో లేదోనని ఈవిడ దిగులు.

"ఒక్కసారి కిందికి దించరా నాయనా" అని అడిగినప్పుడల్లా కొడుకు మనసు కరిగేది. కండ కరగకూడదు కదా.

"ఇవాళ రెస్ట్ డే అమ్మా. ఇంకో అంగుళం రానీ, పువ్వులా దించుతాను."

కన్నతల్లి, నమ్మింది. తనే టేపు తెచ్చి ఆ చెయ్యి కొలిచేది. అరంగుళం పెరిగిందిరా అని మురిసిపోయేది.

మొన్న ఆదివారం అక్కగారు ఓపిక తెచ్చుకుని గేటు దాకా వచ్చేసింది. మెట్ల దగ్గర కూలబడి, "చెల్లీ, ఒక్కసారి మొహం చూపించవే" అని పిలిచింది. తల్లి కొడుకు వంక చూసింది. కొడుకు తన చేతుల వంక చూసుకున్నాడు. వాటికి ముందురోజే గట్టి కసరత్తు అయింది, పాపం.

భార్య స్టవ్ కట్టేసి వచ్చింది. అత్తగారిని వీపున ఎక్కించుకుని మెట్లు దిగింది. ఆయన ఊరుకున్నాడనుకునేరు! వెనకే తల్లి చెప్పులు మోసుకొచ్చాడు. రెండు చేతులూ సమానంగా పెరగాలి కాబట్టి, ఒక్కో చేతిలో ఒక్కోటి.

అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు ఏడ్చారు. తర్వాత పెద్దావిడ కళ్లు తుడుచుకుని, చెల్లెలి కోడల్ని దగ్గరికి పిలిచి, ఆమె చెయ్యి ఒకసారి నొక్కి చూసింది.

"అబ్బాయి జిమ్‌కి వెళ్తున్నాడని చెప్పావు" అంది చెల్లెలితో. "అమ్మాయి కూడా వెళ్తోందని చెప్పలేదేమే?"