పేరమ్మ ముడి

భవిష్యత్తు చిట్టమూరు మండలానికి వచ్చి పేరమ్మ వలను కోసేసింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

పేరమ్మ పోయి మూడేళ్లు. ఆమె మొగుడు గంగులయ్య ఆ వలతోనే సరస్సులో వేటకు వెళ్లేవాడు. చిరిగిన చోటల్లా ఆమె వేసిన ముళ్లే. ఏ ఇంటి వలకు ఆ ఇంటి ఆడమనిషి ముడే పడాలని వాళ్ల కట్టుబాటు. పక్కింటివాళ్లు బాగుచేస్తామన్నా అతను ఇవ్వలేదు.

అంతలో నెల్లూరు నుంచి భవిష్య పదార్థ వినియోగ కేంద్రం వారు జీపులో దిగారు. మొక్కజొన్న పిండితో చేసిన దారమట. ఆ వల రెండేళ్లు చేపలు పట్టి, ఆపైన నీళ్లలో కరిగి జలచరాలకు మేలు చేస్తుందట. (చేపలకు ఇన్నాళ్లకు ఒక దిక్కు దొరికింది.) పాత నైలాను వల అప్పగిస్తేనే కొత్తది. అప్పగించనివాడి పడవకు రేవులో చోటు లేదు.

కాగితం మీద ‘పాత వల భద్రపరచబడును’ అని అచ్చు వేసి ఉంది. గంగులయ్య ఐదో తరగతి దాకా చదివాడు. అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం అక్కడే నేర్పారు. వలను మంచినీళ్లలో జాడించి, ఆరబెట్టి, మడిచి ఇచ్చాడు.

కొత్త వల తొమ్మిదో రోజుకే కరిగిపోయింది.

ఫిర్యాదుకు యాప్ ఉంది. పాడైన వల ఫొటో పెట్టాలి. గంగులయ్య నీళ్ల ఫొటో పెట్టాడు. ‘వల కనిపించుట లేదు’ అని తిప్పి పంపారు.

నెల్లూరు వెళ్లి క్షేత్ర వినియోగ ఉపసమన్వయాధికారి విజయభాస్కర్ ఎదుట నిలబడ్డాడు.

“కరగడమే దాని పని గదన్నా! రెండేళ్ల పని తొమ్మిది దినాల్లో చేసేసింది. లక్ష్యానికి మించి అని రాసినాం.”

“మీ లక్ష్యం మీకాడే ఉంచుకోండి సామీ. నా వల నాకీండి.”

“ఏ వల?”

“భద్రంగా పెడతామని రాసినారే, అది.”

ప్రయోగశాల నుంచి బిందు అనే పరిశోధకురాలు ఒక ట్రే తెచ్చింది. వల జానెడేసి ముక్కలై ఉంది. ముక్కకో కవరు, కవరుకో అంకె. (భద్రపరచడమంటే ఇదే. ఒక్క ముక్కా పోలేదు.)

“పెద్దాయనా, మిషనుకు బిగించి లాగినాం. దారం తెగింది గానీ ముడి జారలేదు. మా వలలకు ముళ్లన్నీ జారిపోతా ఉండాయి. ఇది ఎవరు వేసినారు?”

“నా పెళ్లాం.”

“ఆమెను ఒకసారి పిలుచుకొస్తారా?”

విజయభాస్కర్ దరఖాస్తు తిరగేశాడు. “భార్య: వర్తించదు, అని ఉంది మేడం.”

బిందు తల దించుకుంది. ట్రేలోని కవరొకటి చేతిలోకి తీసుకుని అడిగింది. “మీకొచ్చా ఆ ముడి?”

“వచ్చు. నలభై ఏళ్లు ఎదురుగా కూర్చోని చూసినా.”

ఆమె గబగబా దారం తెచ్చి చేతిలో పెట్టింది. విజయభాస్కర్ కెమెరా తీశాడు. మానవాళి భవిష్యత్తు ఆ ముడి మీదే ఆగి ఉందట.

గంగులయ్య దారం పక్కన పెట్టి, ముక్కలను తువ్వాలులో మూట కట్టబోయాడు. నమూనాలు గడప దాటరాదని నియమం చూపించారు. వట్టి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వచ్చేశాడు.

తర్వాత ఆ జీపు నాలుగుసార్లు పల్లెకు వచ్చింది. ముడి సంగతి అడిగారు.

“ఏ ముడి?” అన్నాడు గంగులయ్య.

ఆపైన ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఈ జన్మలో ఎత్తడు. ఆ ముడి భద్రపరచబడింది.